కెమెరా చేతబట్టిన స్త్రీలు



నేడు నేను ప్రస్తావింపబోవు విషయము వినుటకు కొంత వింతగా తోచవచ్చును. తెల్లజాతివారు కాని స్త్రీలు తీసిన చలనచిత్రములను ఒకచోట చేర్చి, కొన్ని దినములు వరుసగా ప్రదర్శించి, తీసినవారిని చూచినవారిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి మాటలాడించు ఉత్సవములు అమెరికా మొదలగు దేశములలో జరుగుచున్నవి. వానిని గూర్చియు, ఆ తీరుగనే కెమెరా చేతబట్టిన మన తెలుగు స్త్రీలను గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇందు ప్రత్తి సంగతి, వేరుసెనగ సంగతి, అప్పుల సంగతి కూడ రానున్నవి. కావున సినిమాలతో మనకేమి పని యని లేచిపోవలదని ప్రార్థన.

నా నివాసము హైదరాబాదునకు తూర్పుదిక్కున, ఉప్పలు నాచారముల నడుమ. వరంగల్లు రోడ్డు వెంట బస్సులో వచ్చువారికి నగరము మొట్టమొదట ఎదురగునది ఉప్పలు కూడలియే. అక్కడ దిగి నాచారము వైపు మళ్లినచో, ఒక ప్రక్క పారిశ్రామికవాడ, మఱియొక ప్రక్క కార్మికుల ఆసుపత్రి, ఆ ప్రాంతముననే నందమూరి తారకరామారావుగారు నెలకొల్పిన రామకృష్ణా సినీ స్టూడియో. ఊళ్లనుండి వచ్చిన బంధువులు క్రికెట్టు మైదానమును, ఆ స్టూడియో గేటును చూపింపుమని అడుగుట నేను చిరకాలముగా ఎఱిగిన వాడుక. ఆ గేటులోనికి ఏ నటుడు పోయెను, ఏ నటి వచ్చెను అని వారు అడుగుదురు. లోపల కెమెరా వెనుక నిలుచున్నవారెవరు అని అడిగినవాడు ఇంతవరకు నాకు తారసపడలేదు. బొమ్మలోని మనుష్యుడే మనకు కనబడును. బొమ్మను చూచిన కన్ను ఎవరిదో మనకు కనబడదు. ఈ ప్రసంగమంతయు ఆ కనబడని కంటిని గూర్చియే.

మొదట ఉత్సవమను మాటను విడమరచెదను. మన చిన్ననాట పంటలు ఇంటికి వచ్చిన పిమ్మట ఊరి వెలుపల డేరా వేసి టూరింగు టాకీసువారు బొమ్మ ఆడించెడివారు. అది వర్తకము. టిక్కెట్టు కొనువారు ఎక్కువగా నుండు బొమ్మనే వారు తెచ్చెడివారు; అందు తప్పేమియు లేదు. చలనచిత్రోత్సవము అట్టిది కాదు. అది జాతర వంటిది. జాతరలో పెద్ద దుకాణము ఉండును, గంపలో నాలుగు గాజులు పెట్టుకొని వచ్చిన ముసలమ్మయు ఉండును. ఆమెకు కూడ ఆనాడు అడుగు నేల దక్కును. పట్టణపు బజారులో ఆమెకు చోటు లేదు. అదే విధముగా, ఏ వర్తకుడును కొని థియేటరునకు తేని బొమ్మలకు ఉత్సవమున ఒక పూట తెర దక్కును. చూచుట ముగిసిన తరువాత తీసినవారు లేచి నిలుతురు. చూచినవారు ప్రశ్నలు వేయుదురు. ఈ ప్రశ్నలు వేయు ఆచారమే ఉత్సవమునకు ప్రాణము. ఇట్టి ఉత్సవములలో మొదటిదని చెప్పదగినది 1932లో ఇటలీ దేశపు వెనిసు నగరమున జరిగినది. మన దేశమున మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము 1952లో బొంబాయిలో ఆరంభమై, పిమ్మట మదరాసు, ఢిల్లీ, కలకత్తా నగరములకు సాగినది.

ఇక ఆంగ్లమున 'విమెన్ ఆఫ్ కలర్' అను మాట. మాటకు మాట పెట్టి తెలిగించినచో 'రంగు గల స్త్రీలు' అగును. ఇది వినగానే నవ్వు వచ్చును. రంగు లేని మనుష్యులు ఎక్కడనైన గలరా? ఐనను ఆ మాటకు చరిత్ర కలదు. అమెరికాలో ఒకప్పుడు బస్సులందు, బడులందు, నీటి కొళాయిలయందు సైతము నల్లవారిని వేరుచేసి 'రంగువారు' అని బల్లలు కట్టెడివారు. అది ఇతరులు వారిపై విసరిన పేరు. 1977లో హ్యూస్టను నగరమున జరిగిన జాతీయ మహిళాసభయందు నల్లజాతి స్త్రీలు ఒక కోరికల పత్రమును తయారుచేసికొని రాగా, తక్కిన అల్పసంఖ్యాక జాతుల స్త్రీలు తామును అందు చేరెదమనిరి. అందఱకు ఉమ్మడిగా ఒక పేరు కావలసివచ్చెను. అప్పుడు కుదిరినదే ఈ పేరు. కావున ఇది ఒంటి రంగును చెప్పు మాట కాదు. పొత్తును చెప్పు మాట.

పండితుల యెదుట చదువుకొన్నవాడను గనుక ఇక్కడ ఒక చిన్న ప్రక్కదారి త్రొక్కుటకు అనుమతింపుడు. సంస్కృతమున వర్ణమనగా రంగు. వర్ణమనగా అక్షరము. వర్ణమనగా చాతుర్వర్ణ్యములోని విభాగము కూడ. ఈ మూడర్థములలో దేనిని తీసికొన్నను, మన ఊళ్లలో వెలివాడయందు నివసించిన స్త్రీకి అది లేదనిరి: రంగు తక్కువ యనిరి, అక్షరము అందనీయలేదు, నాలుగు వర్ణములకును వెలుపల నుంచిరి. కావున అమెరికావారి మాటను మనము తెలుగు చేయగోరినచో, నిఘంటువు చాలదు. దానికి సరిపోవు మనుష్యులను వెదకవలయును. నాకు వారు జహీరాబాదు ప్రాంతమున కనబడిరి. వారి సంగతి చివర విస్తరముగా చెప్పెదను.

అమెరికాలోని ఉత్సవములలో ఒక్కదానిని పేర్కొన్న చాలును. న్యూయార్కు నగరపు బ్రూక్లిను భాగమున 1997లో 'ఆఫ్రికన్ వాయిసెస్' అను పత్రికవారును, లాంగ్ ఐలండు విశ్వవిద్యాలయము వారును కలసి 'రీల్ సిస్టర్స్' అను ఉత్సవమును ఆరంభించిరి. ఇది తెల్లజాతికి చెందని స్త్రీలు తీసిన చిత్రములకే ప్రత్యేకించినది. ఆస్కారు బహుమతికి లఘుచిత్రములను అర్హము చేయు ఉత్సవముల పట్టికలో తరువాతి కాలమున దీనికి స్థానము లభించినది. దాని అవసరమెట్టిదో తెలియుటకు ఒక్క సంగతి వినుడు. అమెరికాలో చలనచిత్రములు పుట్టి సుమారు నూరేండ్లు గడచువరకు, ఒక నల్లజాతి స్త్రీ తీసిన పూర్తి నిడివి కథాచిత్రము దేశమంతట థియేటరులలో విడుదల కాలేదు. జూలీ డాష్ అను ఆమె 1991లో తీసిన 'డాటర్స్ ఆఫ్ ది డస్ట్' ఆ మొదటి చిత్రము. అనగా మూడు తరముల నల్లజాతి స్త్రీలు ఇతరుల కంటితో తీసిన తమ బొమ్మనే తెరపై చూచుకొనిరన్నమాట.

మన తెలుగువారి సంగతి ఇంత దీనముగా లేదని మీరనవచ్చును. నిజమే. ఒంగోలు ప్రాంతమున దొడ్డవరము అను పల్లెలో పుట్టిన భానుమతిగారు 1953లోనే 'చండీరాణి'ని తెలుగు, తమిళము, హిందీ, ఈ మూడు భాషలయందును తామే దర్శకత్వము వహించి విడుదల చేసిరి. మూడు భాషలలో ఒకేసారి తీయుటన్నది నేటి దర్శకులకును దుస్సాధ్యమైన పని. సావిత్రిగారు 1968లో 'చిన్నారి పాపలు' తీసిరి. దానికి సంగీతము కూర్చినది గాయని పి. లీల. కీర్తి దక్కినను ధనము దక్కలేదు. విజయనిర్మలగారు యద్దనపూడి సులోచనారాణిగారి నవలను ఆధారము చేసికొని 1973లో 'మీనా' తీసి, అక్కడనుండి ఆగక మొత్తము నలుబది నాలుగు చిత్రములకు దర్శకత్వము వహించిరి. ఇన్ని చిత్రములు తీసిన స్త్రీ ప్రపంచమున లేదని 2002లో గిన్నిసు పుస్తకమువారు నమోదు చేసిరి. ఆమె 2019లో హైదరాబాదుననే కాలము చేసిరి.

ఐనను ఒక సంగతి గమనింపుడు. ఈ మువ్వురును మొదట తెరముందు పేరుపొందిన తారలు. పేరు వచ్చిన పిమ్మట, ధనమో భర్త యొక్క తోడ్పాటో సొంత సంస్థయో ఉన్న పిమ్మట కెమెరా వెనుకకు పోయిరి. వారి ప్రతిభను నేను తక్కువ చేయుట లేదు. భానుమతిగారి 'అత్తగారి కథలు' నేను పిల్లలకు చదివి వినిపించి, తరగతియంతయు నవ్వగా ఆనందించినవాడనే. కాని తార కాని స్త్రీకి, ధనము లేని స్త్రీకి, పొలముపని చేయు స్త్రీకి కెమెరా ఎట్లు దక్కును? ఈ ప్రశ్నకు మొదట ఆఫ్రికానుండి ఒక సమాధానము, పిమ్మట మన తెలంగాణమునుండి ఒక సమాధానము చెప్పెదను.

ఆఫ్రికా పడమటి తీరమున సెనెగల్ అను దేశము కలదు. చిరకాలము ఫ్రెంచివారి యేలుబడిలో నుండినది. ఫ్రెంచివారు తమ నూనెగానుగలకొఱకు అచ్చటి రైతులచేత వేరుసెనగ పండింపజేసిరి. తిండిగింజలు పండవలసిన నేలలో వేరుసెనగ పండినది. రైతు వేరుసెనగ అమ్మి బియ్యము కొనుక్కొనువాడైనాడు. దొరలు పోయిరి, 1960లో స్వాతంత్ర్యము వచ్చినది. ఐనను వేరుసెనగ పోలేదు. వర్షము లేని సంవత్సరమున పంట లేదు, వర్షమున్న సంవత్సరమున ధర లేదు. ఈ కథ మీకు క్రొత్తది కాదనుకొందును.

ఆ దేశమున సాఫీ ఫాయ్ అను ఒక బడిపంతులమ్మ యుండెను. పల్లెటూరి సెరేర్ జాతి కుటుంబమునకు చెందినది. డకారు నగరమున పిల్లలకు పాఠములు చెప్పుకొనుచుండెను. తరువాత పారిసుకు పోయి మానవశాస్త్రము, చలనచిత్రకళ అభ్యసించి, 1975లో స్వగ్రామమునకు తిరిగివచ్చి ఒక చిత్రము తీసెను. దాని పేరు 'కద్దు బేకట్'. వొలోఫ్ భాషలో రైతు గొంతు అని దాని అర్థము. జాబువలె ఆ చిత్రము సాగును. కథ స్వల్పము: న్గోర్ అను యువకునికి కుంబా అను పిల్లను పెండ్లాడవలెనని కోరిక, పంట పోవుటచేత కట్నమిచ్చుకొనుటకు సొమ్ము లేదు (అచ్చట వరుడే వధువు వారికి ఇచ్చుకొనవలయును), కూలికై డకారు పోయి, అక్కడ మోసపోయి తిరిగివచ్చును. ఇంతే. కాని కథ నడుమ ఊరి పెద్దలు చెట్టుక్రింద కూర్చుండి తమ మాటలు తాము చెప్పుకొందురు: ధర ఎవరు నిర్ణయించుచున్నారు, అప్పు ఎవరికి కట్టుచున్నాము, పిల్లలు ఏల పట్టణము పోవుచున్నారు అని. వారు నటులు కారు. ఆ ఊరి రైతులే. వారిలో సాఫీ ఫాయ్ యొక్క తాతగారును ఒకరు. చిత్రీకరణ ముగిసిన పదునొకండు దినములకు ఆ వృద్ధుడు కాలము చేసెను. ఆమె ఆ చిత్రమును ఆయనకే అంకితము చేసెను.

సహారా ఎడారికి దక్షిణముననున్న ఆఫ్రికాలో ఒక స్త్రీ తీయగా వర్తకరీతిని విడుదలైన మొదటి పూర్తి నిడివి చిత్రమిదే యని చరిత్రకారులు చెప్పుదురు. స్వదేశ ప్రభుత్వము మొదట దానిని నిషేధించినది. రైతులు ప్రభుత్వపు ధరలను ప్రశ్నించుచున్న బొమ్మ ప్రభుత్వమునకు రుచింపకపోవుట సహజమే. స్వదేశపు తెర దొరకని ఆ చిత్రము విదేశములలోని ఉత్సవములందే లోకమునకు తెలిసినది. ఉత్సవమెందుకని అడుగువారికి ఇంతకుమించిన సమాధానము నాకు తోచదు. సాఫీ ఫాయ్ 2023లో పారిసున పరమపదించెను.

ఇప్పుడు తెలంగాణమునకు వచ్చెదను. పూర్వపు మెదకు జిల్లాలో, నేటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు దగ్గర పస్తాపూరు అను ఊరు కలదు. అచ్చట 1983 నుండి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ పని చేయుచున్నది. దూరదర్శనములో పనిచేసిన పి.వి. సతీశుగారు దాని స్థాపకులలో ముఖ్యులు. ఆయన 2023లో స్వర్గస్థులైరి. చుట్టుప్రక్కల పల్లెలలోని స్త్రీలు, అందు అధికసంఖ్యాకులు దళిత స్త్రీలు, సంఘములుగా ఏర్పడి, బీడుపడిన ఎఱ్ఱనేలను సాగులోనికి తెచ్చి, జొన్న, కొఱ్ఱ, సామ, కంది మొదలగు పాతపంటలను మరల పండించిరి. విత్తనము కొనరు, ఇంటనే దాచుకొందురు, ఇరుగుపొరుగునకు బదులిత్తురు. ప్రతి యేట సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లమీద విత్తనపు కుండలు అలంకరించి ఊరూర తిరుగు పాతపంటల జాతర వారిదే. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానమును పొందినదియు ఈ స్త్రీలే.

1990ల దశకము చివరి భాగమున వీరిలో కొందఱు వీడియో కెమెరా నేర్చుకొనిరి. వారిలో పెక్కుమందికి చదువు రాదు. కూలిపని, సేద్యము చేసికొను స్త్రీలు. మనలో చదువుకొన్నవారికి వెంటనే కలుగు సందేహమేమన, అక్షరము రానివారు యంత్రము నెట్లు నడుపుదురని. నాకును మొదట వినినప్పుడు వింతగనే తోచినది. కాని కెమెరాకు కావలసినది అక్షరము కాదు, చూపు. కలుపుమొక్కకును పైరుమొక్కకును భేదము రెండాకుల నాడే పసిగట్టు కంటికి చూపు నేర్పవలసిన పని లేదు.

వీరు చేసిన ఒక పనిని మాత్రము మీకు నిదానముగా చెప్పవలయును. నేను ఈ ప్రసంగమునకు పూనుకొనుటకు అదియే ముఖ్యకారణము. కెమెరాను మూడు విధములుగా పట్టవచ్చును. ఎత్తునుండి క్రిందికి చూచునట్లు పట్టవచ్చును. క్రిందనుండి పైకి చూచునట్లు పట్టవచ్చును. ఎదుటివాని కన్నులకు సరిసమానముగా పట్టవచ్చును. వీనికి ఆంగ్లమున ఏవో పేర్లు కలవు. ఆ పేర్లు ఈ స్త్రీల నోటికి రాలేదు, అక్కరయు లేకపోయెను. వారు తమ అనుభవమునుండి పేర్లు పెట్టుకొనిరి. ఎత్తునుండి క్రిందికి చూచునది 'పటేలు షాటు'; పటేలు అరుగుమీద కూర్చుండి నేలమీద నిలిచిన కూలివానిని చూచు చూపు అది. క్రిందనుండి పైకి చూచునది బానిస చూపు. జీతగాడు చేతులు కట్టుకొని దొరముఖమును చూచు చూపు. కన్నులకు కన్నులు సరిగా నిలుచునది 'సంఘం షాటు'. సంఘమున అందఱు చాపమీద గుండ్రముగా కూర్చుండినప్పుడు ఒకరినొకరు చూచుకొను చూపు. తమ చిత్రములలో మనుష్యులను సంఘం షాటులోనే చూపవలెనని వారు నిశ్చయించుకొనిరి.

నేను ముప్పది సంవత్సరములకు పైగా పిల్లలకు దృశ్యకావ్యము, శ్రవ్యకావ్యము అని పాఠము చెప్పినవాడను. రసమును, ధ్వనిని, ఔచిత్యమును గూర్చి ఆలంకారికులు వ్రాసినది కొంత చదివినవాడను. చూచువాని ఆసనము ఎంత ఎత్తున నున్నదో దానినిబట్టి చూడబడువాని గౌరవము మారునని వారిలో నొకరైన చెప్పినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఆ సూత్రము నిచ్చినది జొన్నచేలలో పనిచేయు స్త్రీలు. పాఠ్యపుస్తకమున చేర్పదగిన మాట యిది.

వారి చిత్రములలో మిగుల ప్రసిద్ధికెక్కినది ప్రత్తిని గూర్చినది. 2002 మార్చిలో భారతప్రభుత్వము బి.టి. ప్రత్తి విత్తనమును అనుమతించెను. కాయతొలుచు పురుగు దానిని తినదని ప్రకటనలు వచ్చినవి. ఆ వానకాలముననే వరంగల్లు జిల్లా రైతులు కొందఱు హెచ్చు ధర పెట్టి కొని విత్తిరి. పస్తాపూరు స్త్రీలు కెమెరా భుజమున వేసికొని వరంగల్లునకు ప్రయాణమైరి. జహీరాబాదు హైదరాబాదునకు పడమట, వరంగల్లు తూర్పున. అటునుండి ఇటు ఇంచుమించు రెండువందల యేబది కిలోమీటర్ల దూరము. ఆ బాట మా ఉప్పలు మీదుగనే సాగును. వారు ఒక్కమారు పోయి ఊరకుండలేదు. పైరు మొలకగా నున్నప్పుడు, పూతలో నున్నప్పుడు, కాయ పగిలినప్పుడు, సంత ముగిసినప్పుడు మరలమరల అదే రైతుల వద్దకు పోయి, అదే ప్రశ్న వేసి, జవాబును పట్టుకొనిరి. మొదట రైతు ముఖమున నవ్వు ఉన్నది. నెలలు గడచినకొలది అది మాసిపోవుట కన్నులకు కట్టినట్లు కనబడును. 'వరంగల్లు రైతులు బి.టి. ప్రత్తిపై ఏల కోపగించిరి' అను భావముగల పేరుతో ఆ చిత్రము 2003లో వెలువడి, దేశవిదేశములలో ప్రదర్శింపబడినది. ఆ విత్తనమును గూర్చి వారు తరువాత మఱికొన్ని చిత్రములు కూడ తీసిరి.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలయును. ఆ విత్తనమును గూర్చి శాస్త్రజ్ఞులలో వాదము ముగియలేదు. తరువాతి సంవత్సరములలో ప్రత్తి రైతులలో అధికులు దానినే విత్తిరి. నేను వ్యవసాయశాస్త్రము ఎఱిగినవాడను కాను, తీర్పు చెప్పను. కాని ఆ మొదటి సంవత్సరమున వరంగల్లు రైతు ఏ నెలలో ఏమనెనో, ఏ అప్పు లెక్క చెప్పెనో, దానికి ఒక సాక్ష్యము మిగిలినది. కంపెనీవారి వద్ద కంపెనీ లెక్కలుండును, సర్కారు వద్ద సర్కారు లెక్కలుండును. రైతు లెక్క రైతు నోటనే పోవుచుండెను. దానిని పట్టి నిలిపినది ఆ స్త్రీల చేతి కెమెరా. సెనెగల్ వేరుసెనగకు సాఫీ ఫాయ్ ఏమి చేసెనో, వరంగల్లు ప్రత్తికి వీరు అదియే చేసిరి. ఈ రెండు బొమ్మలను ఒకే రాత్రి ఒకే తెరమీద చూడగలిగినచో, భాష తెలియకపోయినను మీ ఊరి రైతు సెనెగల్ రైతును గుర్తుపట్టును. అట్లు ప్రక్కప్రక్కన పెట్టి చూపుటయే ఉత్సవము చేయు పని.

రేడియోలో మాటలాడుచు మఱియొక సంగతి చెప్పకపోవుట న్యాయము కాదు. ఈ సంఘపు స్త్రీలే 2008 అక్టోబరు 15వ తేదీన మాచనూరు గ్రామమునుండి 'సంఘం రేడియో' ఆరంభించిరి. జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ అను ఇద్దఱు దళిత యువతులు దానిని నడిపిరి. అచ్చటి పలుకు మా పలుకు వలె గ్రాంథికము కాదు. జహీరాబాదు పొలాల పలుకు. అది తగునా యని నన్ను అడిగిన పండితమిత్రులున్నారు. విత్తనము నాటు కాలము చెప్పునప్పుడు వినువానికి తెలియు భాషలోనే చెప్పవలయునని నా యభిప్రాయము. ఈ ప్రసంగమున నేను ఆ నియమమును పాటించుట లేదని మీరు నవ్వినను నాకు కోపము లేదు.

హైదరాబాదు నగరమునకు సంబంధించిన ఒక చిత్రము మిగిలియున్నది. మన నగరమున పుట్టిన దీపా ధన్‌రాజ్ గారు మఱికొందఱితో కలసి 1980లో బెంగుళూరున 'యుగాంతర్' అను సంస్థ నేర్పరచిరి. ఆ సంస్థవారును హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వారును కలసి 1983లో 'ఇది కథ మాత్రమేనా' అను చిన్న చిత్రము తీసిరి. ఒక గృహిణి ఇంటిలోపల అనుభవించు మౌనబాధ అందలి వస్తువు. రక్తములేదు, అరుపులులేవు, నాలుగు గోడలున్నవి. 1984 నాటి హైదరాబాదు మతకలహములను గూర్చి 'క్యా హువా ఇస్ షహర్ కో' అను చిత్రమును దీపా ధన్‌రాజ్ గారు 1986లో వెలువరించిరి. ఈ చిత్రముల రీళ్లు కాలక్రమమున శిథిలము కాకుండ బెర్లిను నగరములోని అర్సెనల్ అను సంస్థ వానిని పునరుద్ధరించినది. హైదరాబాదు బొమ్మకు జర్మనీలో వైద్యము జరుగవలసివచ్చెను! అట్లు జరుగకపోయిన ఏమగునో తెలియుటకు మన దేశముననే దృష్టాంతము కలదు. భారతదేశపు మొదటి మహిళా దర్శకురాలు ఫాత్మా బేగం 1926లో 'బుల్బులే పరిస్తాన్' తీసెను. నేడు దాని ప్రతి ఒక్కటియు లేదు. ఎవరును చూపనడుగని బొమ్మను ఎవరును దాచిపెట్టరు. ఏటేట ఎక్కడనో ఒకచోట ప్రదర్శనకు పిలుపు వచ్చునప్పుడే పెట్టె తెరచి రీలు దులుపుదురు.

ఇట్టి ఉత్సవములను గూర్చి పెద్దలకు కొన్ని సందేహములు కలుగును. స్త్రీలకు వేరుగా, నల్లవారికి వేరుగా ఉత్సవమేల, ఇది చీలిక కాదా అని ఒకటి. సంతలో అందఱకు చోటున్నచో వేరు సంత అక్కరలేదు. 2024లో ఫ్రాన్సు దేశపు కాన్ ఉత్సవమున పాయల్ కపాడియా అను భారతీయ యువతి తీసిన చిత్రమునకు రెండవ పెద్ద బహుమతి వచ్చినది. ఆమె మన మదనపల్లె దగ్గరి ఋషీవ్యాలీ పాఠశాలలో చదువుకొన్న పిల్ల. ఆ ఉత్సవపు ముఖ్యపోటీలో భారతీయ చిత్రమునకు చోటు దొరకుట ముప్పది సంవత్సరములలో అదియే మొదటిసారి. పెద్ద సంత తలుపు ఎంత ఇఱుకో ఇందువలన తెలియును. స్త్రీ తీసినంత మాత్రమున బొమ్మ మంచిదగునా అని మఱియొక సందేహము. కాదు. నీరసమైన చిత్రములు స్త్రీలును తీసిరి. నేను చూచుచు కునుకు తీసినవి యున్నవి. పురుషులు తీసిన నీరసచిత్రములకు లెక్కయే లేదు. వారిని కెమెరా విడువుమని ఎవరును అనలేదు.

మూడవ సందేహమే గట్టిది. మా ఊరి ఆడపిల్ల కెమెరా పట్టుకొని ఊరూర తిరుగుట మర్యాదయా అని. ఇందుకు నేను శాస్త్రము చెప్పను. మీ మనుమరాలి చేతిలో సెల్‌ఫోను ఇప్పటికే ఉన్నది. అందు కెమెరా ఉన్నది. ఆమె ఇతరులు తీసిన బొమ్మలను దినమునకు గంటలతరబడి చూచుచున్నది. తాను తీయుట నేర్వనిచ్చుటయా, చూచుటకే వదలుటయా, ఇదియే మీ యెదుటనున్న ప్రశ్న. చిందు భాగవతమున చిందుల ఎల్లమ్మ పురుషవేషము గట్టి గద్దె యెక్కినప్పుడు రాత్రంతయు మేలుకొని చూచిన ఊళ్లు మనవే. ఆటగత్తెను చూచితిమి గాని, ఆమె తన కథను తాను చెప్పునని మనము ఎదురుచూడలేదు.

మీ ఊరిలో ఇట్టి ప్రదర్శన పెట్టగోరినచో ఏమేమి కావలయునో చెప్పి విరమించెదను. ఒక ప్రొజెక్టరు, ఒక స్పీకరు, పంచాయతీ ఆఫీసు సున్నపు గోడ లేదా ఉతికిన తెల్లని పంచె. తీసినవారి అనుమతి ముందుగా జాబు వ్రాసి పొందవలయును. అడుగక చూపుట దొంగతనము. ఒక రాత్రికి రెండు చిత్రములు చాలును, గంటన్నర మించరాదు. ప్రత్తి ఏరు దినములలో పెట్టవలదు, ఎవరును రారు. ఆనాటి వంట మధ్యాహ్నముననే ముగియవలయును, లేదా ఆ పూటకు మగవారు చేయవలయును. కానియెడల ఎవరి కొఱకు పెట్టితిరో వారే పొయ్యి దగ్గర నుందురు. పరభాషా చిత్రమైనచో, మూకీల కాలమున తెరప్రక్కన నిలిచి కథ చెప్పువాడుండినట్లు, బడిపంతులుచేత అర్థము చదివింపవలయును. బొమ్మ ముగిసిన వెంటనే దీపములు వేసి, మొదట స్త్రీలను, వెలివాడనుండి వచ్చినవారిని మాటలాడనిచ్చి, పెద్దలు చివర మాటలాడిన మేలు. పెద్దలు ముందు మాటలాడినచో తరువాత ఎవరును నోరు మెదపరు, ఇది నేను బడిసభలలో చూచినదే. కూర్చుండుటకు అందఱకు చాపలే వేయింపుడు. పెద్దలు కుర్చీలు వేసికొని ముందు వరుసన కూర్చుండినచో వెనుక పిల్లలకు తెర కనబడదు.